యాడ్ లింకులో స్క్రిప్ట్ కనబడింది, బ్లాక్ చేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: విశాఖ మధురవాడలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే ఒక సంస్థ వెబ్‌సైట్ మీరు చూసుకుంటున్నారు, అది పీహెచ్‌పీ అనే సర్వర్ భాషలో రాసింది. గూగుల్ యాడ్, ఫేస్‌బుక్ యాడ్ నొక్కినవాళ్ళు ఒక ల్యాండింగ్ పేజీకి వస్తారు. లింకులో యూటీఎం టర్మ్ (ఏ యాడ్ నుంచి వచ్చారో తెలియడానికి లింకు చివర తగిలించే యూటీఎం గుర్తుల్లో ఒకటి) దగ్గర ఉన్న మాటనే తీసుకుని "మీరు వెతుకుతున్నది: ఋషికొండలో ప్లాట్లు" అని పేజీ మీద చూపిస్తారు. మొన్న సర్వర్ లాగ్ (సైట్‌కి ఏయే లింకులతో వచ్చారో రాసుకునే ఫైలు) తిరగేస్తే ఆ మాట ఉండాల్సిన చోట స్క్రిప్ట్ ట్యాగ్ (పేజీలో కోడ్ నడిపించే గుర్తు) కనబడింది. హ్యాక్ అయినట్టేనా, అలాంటి గుర్తులున్న లింకులన్నీ ఆపేస్తే చాలా, లింకులు తయారుచేసే ఏజెన్సీ "మాకేం సంబంధం" అంటోంది, వాళ్ళని పట్టుకోవాలా?

ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. లాగ్‌లో ఆ లైను ఉన్నంత మాత్రాన హ్యాక్ అయినట్టు కాదు. బాట్లకి, అంటే సైట్లన్నీ వాటంతటవే తిరిగే ప్రోగ్రాములకి, ఇదే పని. కనబడ్డ ప్రతి తలుపూ తోసి చూస్తాయి, తెరుచుకున్నదాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఆ లైను పక్కన 200 అని ఉందంటే సర్వర్ పేజీ పంపించిందని మాత్రమే అర్థం. స్క్రిప్ట్ ఎవరి బ్రౌజర్‌లోనైనా నడిచిందా లేదా అన్నది లాగ్‌కి తెలియదు, మీ పేజీకే తెలుసు. మీరు లింకునే చూస్తూ కూర్చున్నారు. నన్నడిగితే ముందు పేజీని చూడండి.

ఎలా చూడాలంటారా? ఐదు నిమిషాల పని. మీ సొంత యాడ్ లింకు తీసుకుని యూటీఎం టర్మ్ విలువ తీసేసి వైజాగ్530016'"<> అని పెట్టి తెరవండి. మీ సైట్‌లో మామూలుగా ఎక్కడా రాని మాట, దాని వెనక సింగిల్ కోట్, డబుల్ కోట్, లెస్ దాన్, గ్రేటర్ దాన్. ఇప్పుడు కంట్రోల్ యూ కొట్టి పేజీ సోర్సులో వైజాగ్530016 కోసం వెతకండి. ఒకచోట దొరికిందని ఆగిపోవద్దు. హెడ్డింగ్‌లో ఒకటి, ఎంక్వైరీ ఫారంలో దాచిన ఫీల్డులో ఒకటి, అనలిటిక్స్ కోసం పేజీలోనే రాసిన జావాస్క్రిప్ట్ లైనులో ఒకటి, ఇలా బయటపడుతూ ఉంటాయి. లెస్ దాన్ గుర్తు &ఎల్‌టీ; అనే మారురూపంలో, కోట్లు కూడా అలాగే మారురూపాల్లో ఉంటే హెచ్‌టీఎంఎల్ వరకు పరవాలేదు. జావాస్క్రిప్ట్ లైను లోపల లెక్క వేరు, దాని సంగతి కింద చెప్తాను. గుర్తులు ఉన్నవి ఉన్నట్టు దిగితే ఆ తలుపు తీసే ఉంది.

తర్వాత ఇంకో పరీక్ష. అదే మాటని బోల్డ్ ట్యాగ్ మధ్యలో పెట్టి పంపండి. పేజీలో ఆ మాట లావు అక్షరాల్లో కనబడిందంటే మీరు పంపిన హెచ్‌టీఎంఎల్‌ని పేజీ నమ్మేసింది. ఎఫ్12 కొట్టి ఎలిమెంట్స్‌లో కూడా వెతకండి. సోర్సులో లేకుండా ఎలిమెంట్స్‌లో మాత్రమే దొరికితే దాన్ని అక్కడ పెట్టింది సర్వర్ కాదు, మీ పేజీలోని జావాస్క్రిప్ట్. ఎక్కువమంది కళ్ళుగప్పేది ఈ రెండో రకమే. (ఈ పరీక్షలు మీ సైట్ మీదే చేయండి. పక్కవాడి సైట్ మీద సరదాకి చేసినా కేసు కావచ్చు.)

2018 డిసెంబరులో నేను చూసిన ఒక సంగతి చెప్తాను, లింకుల్ని నమ్ముకుంటే ఏమవుతుందో తెలుస్తుంది. అరకు సీజన్. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్లో ఆఫీసున్న ఒక ట్రావెల్స్, పేరు వద్దులెండి. పొద్దున్నే ఒకావిడ ఇద్దరు పిల్లలతో, బ్యాగులతో వచ్చి "బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అని అడిగింది. వీళ్ళ దగ్గర బుకింగే లేదు. 3,000 అడ్వాన్సు కట్టానని ఫోన్ తీసి చూపించింది. డబ్బు వెళ్ళింది వేరేవాళ్ళకి. అయితే ఆవిడ చూసిన పేజీ మాత్రం నిజంగా ఈ ట్రావెల్స్ వాళ్ళదే. అడ్రస్ బార్‌లో పేరు వాళ్ళదే, పక్కన తాళం బొమ్మ కూడా ఉంది. పేజీ మీద ఫోన్ నంబర్ ఒక్కటే వేరు.

సర్వర్‌లో ఫైళ్ళు చూశాం, ఎవరూ ముట్టుకోలేదు. డేటాబేస్‌లో నంబర్ సరిగ్గానే ఉంది. లాగ్‌లో అనుమానించాల్సిన లైను ఒక్కటి లేదు. చివరికి ఆవిడకి వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే విషయం బయటపడింది. మొదటి సగం ట్రావెల్స్ వాళ్ళ అసలైన ఫేస్‌బుక్ యాడ్ లింకే, యూటీఎంలతో సహా. దాని చివర ఒక హ్యాష్ గుర్తు, ఆ వెనక పొడుగాటి తోక. ఆ పేజీలో హ్యాష్ తర్వాతి మాట తీసుకుని "మీ ప్యాకేజీ: అరకు ఒక రోజు" అని చూపించే నాలుగు లైన్ల కోడ్ ఉంది, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో (ఇచ్చిన మాటని హెచ్‌టీఎంఎల్‌గానే పేజీలో పెట్టేసే పద్ధతి) రాసింది. హ్యాష్ తర్వాత ఉన్న భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి అసలు పంపదు. అందుకే లాగ్‌లో లేదు. సర్వర్ ముందు, అనుమానపు లింకుల్ని ఆపే ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టినా దానికీ కనబడదు.

ఇంకో తమాషా, ఆ తోకలో స్క్రిప్ట్ ట్యాగే లేదు. ఒక ఇమేజ్ ట్యాగ్, దాని ఎస్‌ఆర్‌సీలో ఎక్కడా లేని బొమ్మ పేరు, పక్కన ఆన్‌ఎర్రర్. బొమ్మ దొరకలేదు కాబట్టి ఆన్‌ఎర్రర్‌లో రాసింది నడిచింది. పేజీలో నంబర్ ఉన్న ప్రతిచోటా ఇంకో నంబర్ రాసిపెట్టింది. అంతే దాని పని. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పెట్టిన స్క్రిప్ట్ ట్యాగ్‌ని బ్రౌజర్లు నడపవు. చాలామంది డెవలపర్లు స్క్రిప్ట్ ట్యాగ్ ఒకటి పెట్టి చూసి, ఏమీ జరగలేదు కదా అని నిశ్చింతగా నిద్రపోతారు. ఇమేజ్ ట్యాగ్‌కి ఆ ఆంక్ష లేదు. పాత సైట్లలో జేక్వెరీ (జావాస్క్రిప్ట్ రాయడం సులువు చేసే లైబ్రరీ) హెచ్‌టీఎంఎల్ ఫంక్షన్ వాడుంటే మరీ దారుణం, అది స్క్రిప్ట్ ట్యాగ్‌ని కూడా శ్రద్ధగా నడిపిస్తుంది.

ఇలాంటివాళ్ళకి యాడ్ లింకులే ఎందుకు నచ్చుతాయంటే, యాడ్ లింకు పొడుగ్గా, గజిబిజిగా ఉండటం అందరికీ అలవాటే. ఐదు యూటీఎంలు, గూగుల్ తగిలించే జీక్లిడ్, ఫేస్‌బుక్ తగిలించే ఎఫ్‌బీక్లిడ్, ఇంకా ఏజెన్సీ వాళ్ళ సొంత గుర్తులు. అంత చెత్తలో ఇంకొంచెం చెత్త కలిస్తే ఎవరు గమనిస్తారు? ఫోన్లో అయితే అడ్రస్ బార్‌లో సైట్ పేరు దాటి పెద్దగా ఏదీ కనబడదు కూడా.

ఇక మీ రెండో ప్రశ్న, ఆ గుర్తులున్న లింకుల్ని ఆపేయడం. చేయొచ్చు. కానీ దాన్నే నమ్ముకోవద్దు. లెస్ దాన్ గుర్తు లింకులో %3సి అవుతుంది, ఇలా మార్చడాన్నే ఎన్‌కోడ్ అంటారు. దాన్నే ఇంకోసారి ఎన్‌కోడ్ చేస్తే %253సి. యాడ్ లింకు ఒక ట్రాకర్ నుంచి ఇంకో ట్రాకర్‌కి గెంతుతూ వస్తుంది, ఒక్కో గెంతులో ఒక్కో పొర ఊడొచ్చు. మీ ఫిల్టర్ చూసే సమయానికి పొర ఉంటుంది, పేజీ వాడే సమయానికి ఉండదు. కొన్నిచోట్ల లెస్ దాన్ గుర్తే అక్కర్లేదు. మీ దాచిన ఫీల్డు లాంటి చోట ఒక్క డబుల్ కోట్‌తో విలువని మూసేసి, పక్కనే ఆన్ అని మొదలయ్యే ఈవెంట్ ఏదైనా తగిలించొచ్చు. లింకుల్లో జావాస్క్రిప్ట్ అనే మాటని ఆపుతామంటారా, ఆ మాట మధ్యలో ట్యాబ్ పెడితే బ్రౌజర్ ఆ ట్యాబ్‌ని తీసేసి మామూలుగానే చదువుకుంటుంది. "బ్రౌజరే ఆపేస్తుందిగా" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇలా పరాయి స్క్రిప్ట్‌ని పేజీలో నడిపించడాన్ని ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారు. క్రోమ్‌లో దాన్ని ఆపే ఎక్స్‌ఎస్‌ఎస్ ఆడిటర్‌ని 2019లో 78వ వెర్షన్‌తో పీకేశారు. ఎడ్జ్‌లో అంతకు ముందే తీసేశారు. తప్పించుకునే దారులు ఎక్కువైపోయాయి, పైగా అదే కొత్త తలనొప్పులు తెచ్చింది.

ఇంగ్లిష్ వాళ్ళకి లేని చిక్కు మనకి ఇంకొకటి ఉంది. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతి) మూడు బైట్లు, లింకులోకి వచ్చేసరికి తొమ్మిది అక్షరాలు. ఋషికొండ అని తెలుగులో రాస్తే అది పర్సెంట్ గుర్తుల వరదలా కనబడుతుంది. ఒక క్లయింట్ దగ్గర ఎవరో "పర్సెంట్ గుర్తులు ఎక్కువుంటే 403 ఇచ్చెయ్" అని ఫైర్‌వాల్‌లో రూల్ పెట్టారు (403 అంటే లోపలికి రానివ్వనని సర్వర్ చెప్పే జవాబు). ఇంగ్లిష్‌లో వెతికినవాళ్ళు హాయిగా వచ్చారు, తెలుగులో టైప్ చేసినవాళ్ళందరికీ తలుపు మూసుకుపోయింది. క్లిక్‌కి డబ్బు కడుతూనే ఉన్నారు, ఎంక్వైరీలు రావట్లేదు. చివరికి గూగుల్ యాడ్స్ వాళ్ళు ఆ యాడ్‌నే "గమ్యం పేజీ పనిచేయట్లేదు" అని ఆపేస్తే గానీ ఎవరికీ వెలగలేదు. మీరు తెలుగు కీవర్డ్‌లు వాడుతుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. తెలుగు అక్షరాలన్నీ %ఇ0%బి0 గానీ %ఇ0%బి1 గానీ పెట్టుకుని మొదలవుతాయి. అవి లాగ్‌లో కనబడితే భయపడకండి, వాళ్ళు మీ కస్టమర్లు.

లాగ్‌లో వెతకడానికి నేను చేసేది చెప్తాను. విలువ మారడం ఆగేదాకా డీకోడ్ చేస్తాను, మూడుసార్లకి మించి డీకోడ్ అవుతోందంటే అదే అనుమానం. అన్నీ చిన్న అక్షరాలు చేస్తాను. ఆ తర్వాత చెడ్డవాటి కోసం వెతకను, మంచివి తీసేసి మిగిలింది చూస్తాను. మీ క్యాంపెయిన్ పేర్లు మీకు తెలుసు, పదో పదిహేనో ఉంటాయి. ఆ జాబితాలో లేని యూటీఎం క్యాంపెయిన్ ఎక్కడిది? జీక్లిడ్‌లో అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఉండవు. అందులో కోట్ కనబడితే అది గూగుల్ ఇచ్చింది కాదు.

అసలు మందు కూడా ఈ జాబితాలోనే ఉంది. లింకులోని మాటని పేజీ మీద చూపించడం మానేయండి. మీరు కొన్న కీవర్డ్‌లు నలభై ఉంటాయేమో. నలభై వరుసల పట్టిక పెట్టుకోండి. లింకులో కే=12 అని వస్తే పట్టికలో 12వ వరుస "ఋషికొండలో ప్లాట్లు" చూపించండి. పట్టికలో లేనిది వస్తే "విశాఖలో ప్లాట్లు" అని ఊరుకోండి. బయటివాడి మాట ఒక్క అక్షరం కూడా మీ పేజీ మీదకి రాదు, ఇక ఫిల్టర్ అన్న ప్రశ్నే లేదు. మార్కెటింగ్ వాళ్ళు "కొత్త కీవర్డ్ పెట్టిన ప్రతిసారీ పట్టిక మార్చాలా" అని గొణుగుతారు. మార్చాలి.

అది కుదరనిచోట, విలువ ఎక్కడ దిగుతోందో చూసి దానికి తగ్గట్టు రాయాలి. మీది పీహెచ్‌పీ అన్నారు కదా, హెచ్‌టీఎంఎల్‌లో దిగేచోట హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ (ఆ గుర్తుల్ని మారురూపాల్లోకి మార్చేది) వాడండి. కానీ పీహెచ్‌పీ 8.1 కంటే ముందు వెర్షన్లలో అది సింగిల్ కోట్‌ని తనంతట తాను మార్చదు, ఈఎన్‌టీ కోట్స్ అని విడిగా చెప్పాలి. సింగిల్ కోట్ల మధ్య విలువ రాసే అలవాటున్న పాత టెంప్లేట్లలో ఇక్కడే దెబ్బ తగులుతుంది. జావాస్క్రిప్ట్ లైను లోపల దిగేచోట హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్‌ని నమ్మకూడదు, జేసన్ ఎన్‌కోడ్ వాడండి, జేసన్ హెక్స్ ట్యాగ్ ఆప్షన్‌తో. బ్రౌజర్‌లో అయితే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ తీసేసి టెక్స్ట్‌కంటెంట్ పెట్టండి, అది మాటని ఉత్త అక్షరాలుగానే చూపిస్తుంది. ట్రావెల్స్ వాళ్ళ పేజీని మేం బాగుచేసింది ఆ ఒక్క మాట మార్చి. మాటని నేరుగా పేజీలో రాసేసే డాక్యుమెంట్ రైట్ ఎక్కడున్నా తీసేయండి, దాన్ని వెనకేసుకురావడానికి ఈ రోజుల్లో కారణం లేదు.

ఒక చోటు మాత్రం దాదాపు అందరూ మర్చిపోతారు, అది మీ లోపలి స్క్రీన్. ఎంక్వైరీ ఫారం నింపినప్పుడు పేరు, నంబర్‌తో పాటు యూటీఎంలు కూడా డేటాబేస్‌లో పడతాయి కదా, ఏ యాడ్ పనిచేసిందో చూసుకోవడానికి. మీ ల్యాండింగ్ పేజీ ఎంత శుభ్రంగా ఉన్నా, మూడు రోజుల తర్వాత మీ టెలికాలర్ లీడ్స్ డాష్‌బోర్డ్ తెరిచినప్పుడు ఆ యూటీఎం అక్కడ ఉన్నది ఉన్నట్టు దిగితే స్క్రిప్ట్ నడిచేది అక్కడ. అదీ అడ్మిన్ లాగిన్ ఉన్న బ్రౌజర్‌లో, కస్టమర్లందరి నంబర్లూ ఉన్న పేజీలో. బయట షోరూమ్ అద్దాలన్నీ తుడిచి, వెనక గోడౌన్ తలుపు తీసి ఉంచినట్టు. లోపలి స్క్రీన్ మనవాళ్ళు తప్ప ఎవరూ చూడరని హడావుడిగా రాసి వదిలేస్తారు. వైజాగ్530016 పరీక్షలో ఫారం కూడా నింపి పంపి, డాష్‌బోర్డ్‌లో చూడండి. మీ సైట్ చూడకుండానే పందెం కాయమంటే నేను దీని మీదే కాస్తాను.

రీడైరెక్ట్, అంటే వచ్చినవాళ్ళని ఇంకో అడ్రస్‌కి పంపించడం, దాని సంగతి. మీ లింకులో నెక్స్ట్ అనో యూఆర్‌ఎల్ అనో ఒక గమ్యం ఉండి, మీ పేజీ జావాస్క్రిప్ట్ దాన్ని తీసుకుని లొకేషన్‌లో (బ్రౌజర్ వెళ్ళాల్సిన అడ్రస్ ఉండే చోటు) పెడుతుంటే, అక్కడ జావాస్క్రిప్ట్ కోలన్ అని మొదలయ్యే విలువ ఇస్తే అది నేరుగా నడుస్తుంది. సర్వర్ నుంచి లొకేషన్ హెడర్‌తో పంపితే ఆ స్క్రిప్ట్ నడవదు గానీ, కస్టమర్‌ని ఏ నకిలీ సైట్‌కైనా మీ పేరు మీద పంపించేయొచ్చు. "మన డొమైన్ పేరు అందులో ఉందా" అని చూసే చెకింగ్ పనికిరాదు. మీ పేరు ముందు పెట్టి చివర ఇంకో డొమైన్ తగిలించడం ఎంతసేపు? లింకుని సరైన పార్సర్‌తో విడదీసి, హెచ్‌టీటీపీఎస్ అవునా, హోస్ట్ అచ్చంగా మీదేనా అని చూడండి.

మీరు మీ సైట్ మీద వేరేవాళ్ళ యాడ్స్ చూపించట్లేదు కాబట్టి ఆ వైపు ఎక్కువ చెప్పను. చూపిస్తే వేరే డొమైన్ నుంచి ఐఫ్రేమ్‌లో (పేజీ లోపల ఇంకో పేజీ), శాండ్‌బాక్స్ (అది బయటి పేజీని ముట్టుకోకుండా ఆపే ఆంక్ష) పెట్టి చూపించాలి. ఒకప్పుడు యాడ్ కంపెనీలు ఐఫ్రేమ్ బస్టర్ అని చిన్న ఫైళ్ళు ఇచ్చి మన సైట్‌లో పెట్టమనేవి, ఫ్రేమ్ దాటి యాడ్ పెద్దదవడానికి. వాటిలో కొన్ని లింకులోని విలువని తీసుకుని నేరుగా స్క్రిప్ట్‌గా నడిపేసేవి. 2017 చివర్లో ఈ లోపం సంగతి గూగుల్ వాళ్ళ యాడ్ విభాగం డబుల్‌క్లిక్, యాడ్స్ చూపించే సైట్లకి చెప్పి, తీసేయమంది. పాత హోస్టింగ్‌లో అలాంటి ఫోల్డర్లు మిగిలిపోయి ఉంటే డిలీట్ కొట్టండి.

ఇవన్నీ అయ్యాక, రెండో గోడగా కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. మీ పేజీలో ఏ స్క్రిప్ట్ నడవొచ్చో బ్రౌజర్‌కి ముందే చెప్పే హెడర్ ఇది. నాన్స్ పద్ధతిలో పెట్టండి, అంటే ప్రతి పేజీకీ కొత్తగా పుట్టే ఒక గుర్తు, ఆ గుర్తున్న స్క్రిప్టే నడుస్తుంది. ట్రావెల్స్ పేజీకి ఇది ఉండి ఉంటే ఆ ఆన్‌ఎర్రర్ నడిచేదే కాదు. డొమైన్ల జాబితా రాసే పాత పద్ధతి కంటే ఇదే గట్టిది, ఎందుకంటే జాబితాలో పెద్ద పెద్ద డొమైన్లు పెట్టాక వాటిలోనే దొంగదారులు దొరుకుతాయి. అన్‌సేఫ్ ఇన్‌లైన్ (పేజీలోనే రాసిన స్క్రిప్టులన్నిటికీ అనుమతి) అని పెట్టి వదిలేస్తే మాత్రం అది ఈ దాడిని ఆపదు. మొదట రిపోర్ట్ ఓన్లీలో (దేన్నీ ఆపకుండా, ఆపాల్సినవి మాత్రం రాసుకునే పద్ధతి) రెండు వారాలు నడపండి, మీ ట్యాగ్ మేనేజర్‌లో ఎవరెవరు ఏమేం పెట్టారో చూసి మీరే ఆశ్చర్యపోతారు. కుకీలకి హెచ్‌టీటీపీ ఓన్లీ (జావాస్క్రిప్ట్‌కి కుకీ కనబడకుండా చేసేది) పెట్టడం మంచిదే, కానీ అది కుకీని దొంగిలించకుండా ఆపుతుంది తప్ప ఫోన్ నంబర్ మార్చకుండా ఆపలేదు. ఫైర్‌వాల్ కూడా ఉంచండి, బాట్ల రొద తగ్గుతుంది. తెలుగు కీవర్డ్‌తో ఒకసారి మీరే క్లిక్ చేసి చూసుకున్నాకే ఆన్ చేయండి.

పరీక్షల్లో నిజంగా తలుపు తీసి ఉందని తేలితే, సరిచేసే ముందు లాగ్‌లు, డేటాబేస్ కాపీ తీసి పక్కన పెట్టండి. సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ దాడి సంఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అది మీ యజమానికి చెప్పండి, నిర్ణయం ఆయనది. ఎవరైనా కస్టమర్ డబ్బు పోగొట్టుకుని ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారుతుంది. ఆ అనుమానపు లింకుని అడ్మిన్ లాగిన్ ఉన్న బ్రౌజర్‌లో మాత్రం తెరవకండి.

ఏజెన్సీ సంగతి. ఈ విషయంలో వాళ్ళన్నదే నిజం. లింకు వాళ్ళు ఇచ్చినా దాని వెనక తోక తగిలించేది ఎవరైనా కావచ్చు, దాన్ని నమ్మింది మీ పేజీ. వాళ్ళతో గొడవ మానేసి రెండు అడగండి: ఇప్పుడు నడుస్తున్న అన్ని క్యాంపెయిన్ పేర్లు, కీవర్డ్‌లు ఒక షీట్‌లో పంపమనండి, ఇకమీదట లింకులో కీవర్డ్ మాట బదులు కే నంబర్ పెట్టమనండి. షీట్ వచ్చేలోపు వైజాగ్530016 పరీక్ష చేసి, ఎన్నిచోట్ల దొరికిందో ఇక్కడే రాయండి. డాష్‌బోర్డ్ మర్చిపోవద్దు.